తల మీద బెత్తెడు జాగా

హైదరాబాదు వెళ్ళి చార్మినార్ చూడకుండా వచ్చానంటే మా స్టాఫ్ రూములో ఇప్పటికీ ఎవరూ నమ్మడం లేదు. "మరి నాలుగు రోజులు ఏం చూశారండీ?" అని నిలదీస్తున్నారు. మెట్లు చూశాను. జనం కూర్చుని ఆట చూసే మెట్లు. దానికోసం అంత దూరం వెళ్ళాలా అని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. బయల్దేరే ముందు నేనూ అలాగే నవ్వాను కాబట్టి నాకేం కోపం లేదు.

నేను నరసాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుని. పేరు విజయ. మనిషిని బాగా పొట్టి, ఆ లోటును నోటితో పూడ్చుకుంటూ ఉంటాను. మా కాలేజీ మైదానంలో ఫుట్‌బాల్ పోటీలంటే జనం బాగానే వస్తారు. మగవాళ్ళు గీత పక్కనే నిలబడేవాళ్ళు. వాళ్ళ వెనక కొందరు మోటారు సైకిళ్ళ సీట్ల మీద ఎక్కి నిలబడేవాళ్ళు. అందరికంటే వెనక ఆడవాళ్ళు. మా అమ్మాయిల జట్టులో ఫార్వర్డు ఆడే దేవి వాళ్ళమ్మ రమణమ్మ ఒక్క ఆట కూడా మానదు. లేసు అల్లిక పక్కన పడేసి వచ్చి, ఆ వెనకే మునివేళ్ళ మీద నిలబడేది. ఆట అయ్యాక తిన్నగా నా దగ్గరకొచ్చేది. "మేడం గారూ, గోలు మా దేవే కొట్టిందంట కదండీ. ఎలా కొట్టిందండీ?" అని అడిగేది.

నాకేం తెలుసు? టోర్నమెంటు రోజున ఫిజికల్ డైరెక్టరు పని ఆట చూడటం కాదు. బొకేల మీద నీళ్ళు చల్లాలి, శాలువాలు మడత నలగకుండా కాపాడాలి, ముఖ్య అతిథి గారి కారు ఎక్కడిదాకా వచ్చిందో ఫోన్లు చేస్తూ ఉండాలి. అందుకని నేను వెళ్ళి రిఫరీని అడిగి, ఆయన చెప్పింది వచ్చి రమణమ్మకు చెప్పేదాన్ని. చూడని గోలు గురించి ఇద్దరం నిలబడి మురిసిపోయేవాళ్ళం.

ఈ ఏడాది పూర్వ విద్యార్థులు కలిసి మైదానానికి గ్యాలరీ కట్టిస్తామన్నారు. ప్లాను గీసే రోజున నేను పట్టుబట్టి కూర్చున్నాను. ఆడవాళ్ళకు మూలన కాదు, సరిగ్గా మధ్యలో చోటు కావాలన్నాను. కమిటీ ప్రెసిడెంటు గారు రైసు మిల్లు ఓనరు, మంచి మనిషి, శాలువాలంటే ప్రాణం. ఒప్పుకున్నారు. మధ్యలో వేదిక, దాని మీద సోఫాలు, దాని వెనకే మెట్ల మీద ఆడవాళ్ళ బ్లాకు. యుద్ధం గెలిచినంత సంబరపడ్డాను.

"మీరు ఎలాగూ మీ అన్నయ్య గారింటికి హైదరాబాదు వెళ్తున్నారు కదమ్మా. అక్కడి గ్యాలరీలు కూడా ఒకసారి చూసి రండి. వచ్చి సరేనన్నారంటే స్లాబు పోయించేద్దాం" అన్నారు ప్రెసిడెంటు గారు. ఒకసారి కాంక్రీటు పడిందంటే ఇక నా సర్వీసులో ఎవరూ దాన్ని కదిలించరు. చుట్టిన ప్లాను ఒక చేత్తో, వదినకోసం ఎండు రొయ్యల పొట్లం ఇంకో చేత్తో పట్టుకుని రైలెక్కాను. పెట్టెలో తోటి ప్రయాణికులు నన్ను కాదు, ఆ పొట్లాన్ని అనుమానంగా చూశారు.

ప్రగతి నగర్

మా అన్నయ్య, సుశీల వదిన ప్రగతి నగర్‌లో స్థిరపడి ఏళ్ళయింది. వదినది ప్రభుత్వోద్యోగం. కూరగాయల బండి అతనితో కూడా "ఏమండీ, జర మంచివి ఇవ్వండీ" అంటుంది. ఆ ఒక్క వాక్యంలో గోదావరీ ఉంది, హైదరాబాదూ ఉంది. రొయ్యల పొట్లం విప్పగానే వదిన కిటికీలన్నీ మూసేసింది. పక్క ఫ్లాటు వాళ్ళు శాకాహారులట. మా ఊళ్ళో అయితే వాసన వచ్చిన ఇంటికి గిన్నె పట్టుకుని వస్తారు.

సాయంత్రం చెరువు గట్టున నడకకు వెళ్ళాం. గట్టు చివర "గోదావరి టిఫిన్స్" అని బోర్డు ఉన్న బండి కనబడితే ప్రాణం లేచొచ్చి పుణుగులు తీసుకున్నాను. బండి అతనిది కరీంనగర్ అట. "గోదావరి మా దిక్కు కూడా పారుతది మేడం" అన్నాడు. ఒకటి నోట్లో వేసుకున్నాను. పుణుగులు మాత్రం బాగున్నాయి.

వదిన వాళ్ళ పై ఫ్లాట్‌లో కిరాయికి ఉంటున్న అమ్మాయి కీర్తన, సిద్దిపేట వైపు పల్లెది. సివిల్ ఇంజినీరు. నా చేతిలో ప్లాను చూసి, "ఏంది ఆంటీ అది?" అని అడిగింది. చెప్పాను. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని నవ్వింది.

"నా పనే అది ఆంటీ. బయటి దేశాలల్ల ఫుట్‌బాల్ స్టేడియాలు కడ్తరు కద, వాటి సీట్లు మేము గీస్తం. ఏ సీట్ల కూసుంటే ఏం కనబడ్తదో లెక్క తీస్తం."

"అయితే బోలెడు స్టేడియాలు చూసుంటావు!"

"ఒక్కటి గూడ చూడలే ఆంటీ. గీసుడే. మా టీముల సగం మంది గట్లనే."

ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో ఎవరో పెద్దమనిషి కూర్చునే కుర్చీని ప్రగతి నగర్‌లో ఉండే పిల్ల గీస్తోందంటే నాకు భలే వింతగా అనిపించింది. ఎల్లుండి తన ఆఫీసులో ఫ్యామిలీ డే ఉందని, పల్లె నుంచి అమ్మానాన్నలకు రావడం కుదరదని, మమ్మల్ని రమ్మని పిలిచింది. "పెద్దమ్మలని చెప్త" అంది. వదినకు అరక్షణంలో ఏ చీర కట్టుకోవాలో తోచేసింది.

కొండాపూర్

మర్నాడు నిజాంపేట హాస్టళ్ళ మధ్య నుంచి, పుస్తకాల సంచులు మోసే పిల్లల్ని తప్పించుకుంటూ, కొండాపూర్ వెళ్ళాం. అక్కడ ఇప్పుడు గంటల లెక్కన అద్దెకిచ్చే చిన్న ఫుట్‌బాల్ టర్ఫులు వీధికొకటి. చుట్టూ అద్దాల భవనాలు, మధ్యలో వలలు కట్టిన పచ్చటి గదిలాంటి మైదానం. గంట అద్దె విని వదిన ఆ మొత్తానికి నెల పాలు వస్తాయంది. ఆడేవాళ్ళు మెడలో ఐడీ కార్డులు తీసి గేటు కొక్కేనికి తగిలించి లోపలికి పరుగెత్తుతున్నారు. పక్కన ఒక తల్లి ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, చెవిలో మీటింగు వింటూ, కళ్ళతో కొడుకు ఆట చూస్తోంది. బాబు గోలు కొడితే మైకు ఆపి చప్పట్లు కొట్టి మళ్ళీ మైకు పెట్టుకుంది.

టర్ఫు ఓనరు మల్లేశ్ ఆ ఊరి మనిషే. మాకు కుర్చీలు వేయించి టీ తెప్పించాడు. ఈ టీ మా ఊళ్ళో మూడు టీలంత చిక్కగా ఉంటుంది, ధరా అలాగే ఉంటుంది.

"గిదంత మా పొలమే అక్కా. జొన్నలు ఏస్తుంటిమి. ఇప్పుడు గడ్డి ఏసినం. గడ్డే గని, కోసే పని లే, నీళ్ళు పెట్టే పని లే!" అని తన మాటకు తనే పకపకా నవ్వాడు.

కుర్చీల్లో కూర్చుని చూస్తే ఆట చక్కగా కనబడుతోంది. వల మాత్రం అడ్డం. ఆ సంగతే అతనికి చెప్పాను.

"ఒక్కటే వరస అయితే ఫికర్ లే అక్కా. రెండో వరస ఏసినంక మొదలైతది లొల్లి. ముందటోడు లేస్తడు, ఎనకటోడు తిడ్తడు." తర్వాత నేనెవరో, ఎందుకొచ్చానో విని, ఆదివారం గచ్చిబౌలి దగ్గర ఐటీ కంపెనీల టోర్నమెంటు ఫైనల్ ఉందన్నాడు. అది జరిపించే వాళ్ళలో తనూ ఒకడట. "తప్పకుండ రావాలె అక్కా. నువ్వు కోచ్ మేడంవి. మర్యాద జేస్తం." ఆ మాట విన్నప్పుడే నేను జాగ్రత్త పడాల్సింది.

మాదాపూర్

కీర్తన ఆఫీసులో అడుగు పెట్టగానే చలి. బయట ఎండలో చెమటలు కారుతుంటే లోపల అందరూ స్వెట్టర్లు వేసుకున్నారు. దోసెల కౌంటరు, పానీపూరీ, పిల్లల ముఖాలకు పులి రంగులు, పెద్దలకు మ్యూజికల్ చైర్స్. వదిన మ్యూజికల్ చైర్స్‌లో రెండో బహుమతి గెలిచింది. ప్రభుత్వాఫీసులో ఇన్నేళ్ళు కుర్చీ కాపాడుకున్న అనుభవం అంది.

కీర్తన నన్ను ఒక గదిలోకి తీసుకెళ్ళి కళ్ళకు పెద్ద అద్దాల పెట్టె తగిలించింది, కట్టబోయేదాన్ని కట్టినట్టే చూపిస్తుందట. ఒక్కసారిగా నేను ఏదో దేశంలో స్టేడియం చిట్టచివరి వరసలో ఉన్నాను. కింద ఎక్కడో పచ్చటి మైదానం. కళ్ళు తిరిగి పక్కనున్న రెయిలింగును గట్టిగా పట్టుకున్నాను. అక్కడ రెయిలింగు లేదు. నేను పట్టుకున్నది కీర్తన మేనేజరు గారి చెయ్యి. ఆయన చేతిలో దహీ వడ ప్లేటు ఉండేది. ఆ తర్వాత లేదు. ఆయన చొక్కా తుడుచుకుంటూ కూడా "పర్లేదు పెద్దమ్మా" అన్నారు. సంస్కారం ఉన్న మనిషి.

"ఇప్పుడు కిందికి చూడుండ్రి ఆంటీ. ముందు వరసల కూసున్నోళ్ళ తల మీదికెళ్ళి గోల్ పోస్టు కనబడ్తుందా?"

కనబడుతోంది, నిజంగానే. అంత పైనుంచి కూడా.

"ముందటోళ్ళ తల పైకెళ్ళి మన చూపు పోనీకి గింత జాగ ఉండాలె. అది లేకుంటె ఎంత ఖర్చు పెట్టినా వేస్టే." అద్దాలు తీసి చూస్తే ఆ పిల్ల నాలుగు వేళ్ళు అడ్డంగా పెట్టి చూపిస్తోంది.

"బెత్తెడా?" అన్నాను.

"హా, బెత్తెడే! మా నానమ్మ గూడ గట్లనే అంటది." వరసలు పైకి పోయేకొద్దీ మెట్టు ఎత్తు పెంచుకుంటూ పోకపోతే ఆ బెత్తెడు మెల్లగా హరించుకుపోతుందట. మా ప్లానులో మెట్లన్నీ ఒకటే ఎత్తు.

నాకు ఇంకో సందేహం వచ్చింది. ఆ బొమ్మల్లో కూర్చున్న మనుషులందరివీ బోడిగుండ్లు. "మా ఊళ్ళో కొప్పులుంటాయమ్మా. ఎండకు తువ్వాళ్ళు చుట్టుకుంటారు. అవి లెక్కలో వేశారా?" కీర్తన తన నెత్తి మీద వేళ్ళు పెట్టి చూసుకుని, "మీకు ఇంకో రెండు వేళ్ళు కలుపుదాం ఆంటీ" అంది సీరియస్‌గా.

తర్వాత నా ప్లానులోని కొలతలు తన కంప్యూటరులోకి ఎక్కించింది. "ఆడోళ్ళ బ్లాకుల కూసోండ్రి" అని అద్దాలు మళ్ళీ తగిలించింది. నేను గర్వంగా కూర్చున్నాను, నేను పోట్లాడి సంపాదించిన చోట్లో. ఎదురుగా వేదిక వెనక కట్టే ఫ్లెక్సీ. దాని పక్క సందులోంచి సోఫాల వీపులు. వాటి మీద తలకాయలు. మెడ చాచితే మైదానంలో ఒక మూల, కార్నర్ జెండా.

"వేదిక ప్రసంగాలయ్యాక తీసేస్తారులేమ్మా" అన్నాను.

"నిజంగ తీస్తరా ఆంటీ?"

ఇన్నేళ్ళ సర్వీసులో ప్రసంగాలయ్యాక సోఫాలోంచి లేచిన ముఖ్య అతిథిని నేను చూడలేదు. లేచినా ఇంటికి వెళ్ళడానికే లేచారు. "మరి మీ దేశాల్లో పెద్దమనుషులు ఎక్కడ కూర్చుంటారు?" అని ఉక్రోషంగా అడిగాను. పైన అద్దాల గదుల్లో అని చూపించింది. ఆ రాత్రి భోజనంలో రొయ్యల వేపుడు కూడా రుచించలేదు. వదిన ఏమైందని అడిగితే, మెట్లు అన్నాను.

గచ్చిబౌలి

ఆదివారం ఫైనల్‌కు వెళ్తూ కూడా నాలో ఇంకా మంకుతనం పోలేదు. కంప్యూటరు బొమ్మలు వేరు, మనుషులు వేరు, సర్దుకుంటారులే అనుకున్నాను. ఆ మైదానం పేరు చెప్పను, చెప్పినా లాభం లేదు, ఏ ఊరి మైదానమైనా అలాగే ఉండేది. మధ్యలో షామియానా. వేదిక. తెల్ల టర్కీ తువ్వాళ్ళు పరిచిన సోఫాలు. వెనక ఇంత పెద్ద ఫ్లెక్సీ, దాని మీద చిరునవ్వులు. దాని వెనక మెట్ల మీద ఆటగాళ్ళ భార్యలు, అమ్మలు, పిల్లలు. ప్రపంచాన్ని నడిపే సాఫ్ట్‌వేర్లు రాసే చోట కూడా వేదిక మా నరసాపురం వేదికే.

నేను, వదిన, కీర్తన ఆ మెట్ల మీదే సర్దుకున్నాం. ఒక గుంజకూ ఫ్లెక్సీ అంచుకూ మధ్య కిటికీ అంత సందు దొరికింది నాకు. ఆట మంచి పట్టుమీద ఉంది. ఎర్ర చొక్కాల వాళ్ళు తోసుకొస్తున్నారు. అప్పుడే మైకులో మల్లేశ్ గొంతు.

"ఆంధ్ర నుంచి వచ్చిన కోచ్ విజయ మేడం గారు, జర స్టేజి మీదికి రావాలె!"

వద్దని చెయ్యి ఊపాను. అది నమస్కారం అనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఇద్దరు వలంటీర్లు వచ్చి నన్ను దాదాపు ఎత్తుకుపోయారు. వేదిక మీద శాలువా కప్పారు. నా పొట్టితనానికి అది దుప్పటిలా పాదాల దాకా దిగింది. ఫోటోగ్రాఫరు వేదిక మీది వాళ్ళందరినీ ఫ్లెక్సీ పక్కకు జరిపి, మైదానం వైపు కాక జనం వైపు తిరిగి నిలబడమన్నాడు, వెలుగు అటే బాగుందట. "మేడం, జర నవ్వుండ్రి... ఇంకొకటి..."

నా వీపు వెనక భూమి దద్దరిల్లేలా కేక లేచింది. గోలు!

వేదిక మీద ఉన్న వాళ్ళం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "ఎవరు కొట్టిండ్రు?" అని పెద్దాయనొకరు నన్ను అడిగారు. నేను మల్లేశ్‌ని అడిగాను. మల్లేశ్ ఫోటోగ్రాఫరుని అడిగాడు. అతను కెమెరాలోంచి మమ్మల్నే చూస్తున్నాడు కదా, అతనికీ తెలియదు. మైదానం మధ్యలో, అందరికంటే మంచి చోట్లో, అందరికంటే మెత్తటి సోఫాల దగ్గర ఉన్న మాలో ఒక్కరికీ ఆ గోలు గురించి తెలియదు.

అప్పుడు ఫ్లెక్సీ పక్క సందులోంచి ఎదురుగా మెట్ల మీదికి చూశాను. ఆడవాళ్ళు మునివేళ్ళ మీద నిలబడి మెడలు చాచి ఉన్నారు. ఒకామె చంటివాణ్ణి రెండు చేతులతో పైకెత్తి, "కనబడ్తుందా నాన్నా?" అని అడుగుతోంది. వాళ్ళ చూపుకు అడ్డం నిలబడింది నేను, నా శాలువా. ఒక్కసారిగా ఆ ముఖాలన్నీ రమణమ్మవే అనిపించాయి. నాకు సిగ్గేసింది, దాచుకోవడానికేముంది. ఆమెకు పెద్దపీట వేశాననుకుని, ఆమె ముందు గోడ కట్టించబోయాను.

ఫోటో పని అవగానే మెట్ల మీదికి తిరిగొచ్చాను. "ఆట కనబడిందా వదినా?"

"కనబడింది. నీ శాలువా అంచు జరీ చాలా బాగుంది" అంది వదిన.

రైల్లో

తిరుగు రైల్లో నాకు నిద్ర పట్టలేదు. వేదిక వద్దంటే ప్రెసిడెంటు గారు ఊరుకోరు. ఆయన ఒక్కరే కాదు, మా ఊళ్ళో పెద్దమనుషులెవరూ రారు. వేదిక లేని టోర్నమెంటును పెళ్ళికొడుకు లేని పెళ్ళిలా చూస్తారు. మర్యాద తగ్గకూడదు, చూపుకు అడ్డం రాకూడదు. కీర్తన చూపించిన అద్దాల గదులు పదే పదే గుర్తొచ్చాయి. తెల్లవారి కిటికీలోంచి వరిచేలు కనబడేసరికి దారి దొరికింది.

నరసాపురం

"సోఫాలు వెనక్కి జరపాలా? అంటే నన్ను అందరి వెనకా కూర్చోమంటారా అమ్మా?" ప్రెసిడెంటు గారి ముఖం మాడిపోయింది.

"వెనక కాదండీ. పైన. చిట్టచివరి మెట్టు మీద, రేకుల నీడలో. పెద్ద పెద్ద దేశాల్లో ముఖ్య అతిథులంతా పైనే కూర్చుంటారండీ. నేను కళ్ళారా చూసొచ్చాను." కళ్ళారా అన్నది నిజమే, కళ్ళకు తగిలించుకునే కదా చూశాను.

"అంటే అందరికంటే పైనా?"

"అందరికంటే పైనండీ. మీ తల మీద ఇక రేకులే."

ఆయన తల పైకెత్తి ఆ దృశ్యాన్ని ఊహించుకున్నారు. ముఖం విప్పారింది. "మోకాళ్ళ నొప్పులమ్మా" అన్నారు చివరి ప్రయత్నంగా. పక్కన రెయిలింగు పెట్టిస్తామన్నాను, ఈసారి నిజమైనది. కీర్తన కొత్త కొలతలు ఫోన్లో పంపింది, కొప్పులకు రెండు వేళ్ళు కలిపి. ఒక్కో మెట్టు ఒక్కో ఎత్తా అని మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు గానీ, అలాగే పోశాడు.

మొన్న కొత్త గ్యాలరీలో మొదటి ఆట జరిగింది, అమ్మాయిలదే. బొకేల పని ఆఫీసు గుమాస్తాకు అప్పగించి, నేను వెళ్ళి మధ్య బ్లాకులో ఆడవాళ్ళ నడుమ కూర్చున్నాను. రమణమ్మ చేతిలోకి లేసు దారం తెచ్చుకుంది గానీ సూది కదలడం లేదు. ఆమె ముందు వరసలో పెద్ద కొప్పు ఉంది. ఆ కొప్పు మీదుగా మైదానం మొత్తం కనబడుతోంది.

అంతలో పైన మైకు ఖంగుమంది. "ఈ గ్యాలరీకి కారకులైన మన విజయ మేడం గారిని సాదరంగా వేదిక మీదకు..." ప్రెసిడెంటు గారు అంత ఎత్తునుంచి శాలువా విప్పి నాకు చూపిస్తున్నారు. వెనక్కి తిరిగి, తర్వాత వస్తానండీ అని చేతులు జోడించాను. ఆ జోడించడానికి పట్టిన కాసేపట్లోనే మెట్లన్నీ ఒక్కసారి అరిచాయి.

రమణమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని ఊపేస్తోంది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు. లేసు ఎక్కడో కింద పడిపోయింది.

"చూశారా మేడం గారూ? మా దేవండీ! చూశారా?"

"లేదు రమణమ్మా. వెనక్కి తిరిగాను. ఎలా కొట్టింది?"

"అయ్యో, చూడలేదాండీ! అక్కడ, ఆ జెండా దగ్గర బంతి అందుకుందండీ. ఒక పిల్ల అడ్డమొస్తే ఇలా పక్కకి తిప్పిందండీ. ఎడం కాలండీ, ఎడం కాల్తో కొట్టింది. ఆ గోలీ పిల్ల ఇటు పడింది, బంతి అటెళ్ళిపోయిందండీ!" ఒడిలో చేతులతో మైదానం అంతా గీసి చూపించింది.

మళ్ళీ చెప్పమన్నాను.